ఉప్పు మానిన పింగాణీ

భద్రాచలంలో ఎక్కిన బస్సు గోదావరి వంతెన దాటాక ఉషారాణి సీటు దగ్గరికి కండక్టరు వచ్చాడు. ఆమె ఒళ్లో మూత బిగించిన తెల్లటి ప్లాస్టిక్ బకెట్ ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా లోపల నీళ్లు తొణికిన చప్పుడు వినిపిస్తోంది.

“ఏంది మేడమ్, కొర్రమీనులా?”

“కాదు. పింగాణీ ముక్కలు.”

“నీళ్లల్ల ఎందుకు మరి?”

“బయట పెడితే పాడైపోతాయి.”

కండక్టరు టికెట్ చింపబోయి ఆగాడు. “మా ఇంట్ల చాయ్ కప్పులకు ఈ సంగతి తెల్వదు మేడమ్” అన్నాడు. వెనుక సీట్లలో ఎవరో పెద్దగా నవ్వారు.

ఉషారాణి కూడా చిన్నగా నవ్వి, బకెట్ మూత మరోసారి నొక్కి చూసుకుంది. అతనికి వివరించాలంటే పాల్వంచ వచ్చేస్తుంది. పైగా ఆమె మాటకారి కాదు. జూనియర్ కళాశాలలో కెమిస్ట్రీ పాఠం చెప్పేటప్పుడు తప్ప ఆమె నోట వరుసగా నాలుగు వాక్యాలు విన్నవాళ్లు తక్కువ.

అది 2006 జులై చివరి వారం. ఆమె వెళుతున్నది దమ్మపేట వైపు అడవి అంచున ఉన్న బిచ్యాతండాకు, తన ఇంటికి. మూడో తరగతిలో ఉండగానే గురుకుల పాఠశాల హాస్టల్లో చేర్చారు కనుక ఆ ఇంట్లో ఆమె గడిపిన రోజులు సెలవు రోజులే. తండాకు పెద్ద పండుగైన తీజ్ శ్రావణంలో వస్తుంది. శ్రావణంలో బడికి సెలవులుండవు. అందువల్ల తన ఈడు పిల్లలంతా తీజ్ బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుతూ నడిచిన ఏళ్లన్నీ ఆమె హాస్టల్లో మూలకాల పట్టిక చదువుతూ గడిపింది. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చినా ఒక్కసారీ బుట్ట పట్టలేదు.

పదార్థాలు ఎందుకు మసకబారతాయన్న ప్రశ్న మాత్రం ఆమెకు ఆ తండాలోనే పుట్టింది. నాయనమ్మ హేమ్లి తొడుక్కునే రవికకు, కట్టుకునే లంగాకు నిండా చిన్న చిన్న అద్దాలుండేవి. మెడ చుట్టూ, చంకల దగ్గర ఉన్న అద్దాలు ముందుగా గుడ్డివైపోయేవి. లంగా అంచున ఉన్నవి ఏళ్ల తరబడి మెరిసేవి. చెమట తగిలే చోటే ఇలా జరుగుతోందని ఏడేళ్ల పిల్లగా ఆమె గమనించింది. అక్కడ చెడింది గాజు కాదనీ, గాజు వెనుక ఉన్న రసపు పూత అనీ, దాన్ని చెరిచింది చెమటలోని ఉప్పు అనీ ఎమ్మెస్సీ చదివేటప్పుడు తెలిసింది. గాజును కూడా ఉప్పునీరు చెరపగలదా అన్న తరువాతి ప్రశ్న ఆమెను పార్ట్‌టైమ్ పరిశోధనకు లాక్కెళ్లింది.

ఆమె పరిశోధనకు మార్గదర్శి ఆచార్య వెంకటప్పయ్య. కోస్తా తీరంలో జాలర్ల వలల్లో పడి ఒక చిన్న మ్యూజియానికి చేరిన చైనా పింగాణీ ముక్కలు కొన్నింటిని ఆయన అధ్యయనానికి అడిగి తెచ్చాడు. లేత ఆకుపచ్చ గాజుపూత వేసిన గిన్నెలవి. ఏ ఓడలో వచ్చాయో, ఆ ఓడ ఎలా మునిగిందో ఎవరికీ తెలియదు. సుమారు ఏడు వందల ఏళ్లుగా సముద్రం అడుగున ఉన్నాయని మాత్రం వాటి తీరును బట్టి అంచనా.

మొదటిరోజు ఆచార్యుడు ఒక గాజు పళ్లెం చూపించాడు. అందులో పాలిపోయిన మట్టి పెంకు, దాని చుట్టూ ఆకుపచ్చ పొట్టు ఉన్నాయి.

“దీన్ని ఒక జాలరి తన అరుగు మీద పెట్టుకున్నాడు. ముచ్చటపడే పెట్టుకున్నాడు పాపం. నెల తిరిగేసరికి పూత ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఏమై ఉంటుందంటావు?”

ఉషారాణి తరగతిలో పాఠంలా చెప్పింది. గాజుపూత రాయిలా కనిపిస్తుంది గాని అది గాజే. సిలికా దాని అస్థిపంజరం. సున్నం, పొటాష్ వంటివి ఆ ఎముకల సందుల్లో ఇమిడి ఉంటాయి. సముద్రపు నీరు ముందు ఆ సందుల్లోని వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుపోతుంది, వాటి చోట తాను చేరుతుంది. ఆ నీటికి స్వల్పంగా క్షారగుణం ఉంది కనుక కాలక్రమంలో ఎముకలను కూడా కొరుకుతుంది. కొలిమిలో పూత లోపల చిక్కుకుపోయిన గాలిబుడగలు పైపొర అరిగే కొద్దీ నోళ్లు తెరుచుకుని సూదిమొన గుంటలవుతాయి. వెంట్రుకవాసి పగుళ్ల గుండా ఉప్పునీరు పూతకూ మట్టికీ మధ్యకు చేరుతుంది. నీటిలో ఉన్నంతసేపు ఆ ఉప్పు కరిగే ఉంటుంది గనుక బాధ లేదు. ఆరిందా, స్ఫటికాలు కడుతుంది. స్ఫటికానికి చోటు కావాలి. చోటు కోసం అది పైనున్న పూతను నెట్టేస్తుంది.

“అంతే. ఏడు వందల ఏళ్లలో సముద్రం చెయ్యని పని అరుగు మీద ఎండ నెల రోజుల్లో చేసింది” అని ఆచార్యుడు నీళ్ల తొట్టిలోంచి ఒక గిన్నె అడుగును పైకి తీశాడు. అరచేయంత ముక్క. పూత కింద తామర రేకులు చెక్కి ఉన్నాయి. ఒక సగం నిగనిగలాడుతోంది, మరో సగం సుద్ద రాసినట్టు వెలిసిపోయి ఉంది. “ఈ సగం ఇసుకలో కూరుకుని ఉంది. ఆ సగం సముద్రానికి తెరిచి ఉంది. ఒకే కొలిమి, ఒకే మట్టి, ఒకే పూత. రెండు కథలు. ఇలాంటిది మళ్లీ దొరకదమ్మా. దీన్ని క్షేమంగా ఆరబెట్టగలిగితే నీ సిద్ధాంత గ్రంథం సగం పూర్తయినట్టే. ఉప్పు వదిలేదాకా తడి మాత్రం ఆరనివ్వకు.”

ఆ గిన్నె అడుగు, దానితో మరి మూడు చిన్న అంచు ముక్కలు ఉషారాణి చేతికి వచ్చాయి. ఉప్పు వదిలించే పద్ధతి సులువైనదే. ముక్కలను మంచినీళ్లలో ఉంచి, నీళ్లు మారుస్తూ ఉండాలి. మార్చిన ప్రతిసారీ లోపలి ఉప్పు కొంత బయటికి వస్తుంది. పారబోసే నీళ్లు కాస్త పరీక్షనాళికలోకి తీసుకుని సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఉప్పు ఎంత మిగిలిందో తెలుస్తుంది. మొదట్లో ఆ చుక్కకు పెరుగు తరకల్లా తెల్లటి గడ్డలు కట్టాయి. కొన్ని వారాలకు అది పలచటి మజ్జిగ అయింది. తరువాత మసక. ఆ మసక దగ్గర వ్యవహారం ఆగిపోయింది.

ఆమె కారణం వెతికింది. ముక్కలు పెట్టకముందే కుళాయి నీళ్లను పరీక్షిస్తే అవీ మసకబారాయి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లవి. వాటితో ఎంత కడిగినా ఆ మసక పోదు. కళాశాలలో నీటిని స్వేదనం చేసే యంత్రం చెడిపోయి ఏడాది దాటింది. అంతకుముందు నెలలో తండా వెనుక వాగు నుంచి ఒక సీసాలో తెచ్చుకున్న నీళ్లు ఉన్నాయి. అడవిలోంచి వచ్చే వాగు. ఆ నీళ్లలో చుక్క వేస్తే నాళిక అడ్డంగా పట్టుకుని చూసినా ఏమీ కనిపించలేదు. అందుకే ఈ బస్సు, ఈ బకెట్.

తండాలో తీజ్ మొదలై ఉంది. పెళ్లికాని ఆడపిల్లలు తీగతో అల్లిన చిన్న బుట్టల్లో పుట్టమన్ను నింపి, గోధుమలు చల్లి, తండా నాయకుడి ఇంటి ముందు మంచె మీద వరుసగా పెట్టారు. తొమ్మిది రోజులు మూడు పూటలా పాటలు పాడుతూ వాటికి నీళ్లు పోయాలి. ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్లలు ఉప్పూ కారం లేని తిండే తినాలి. తొమ్మిదో రోజు మొలకలను ఏడుపు పాటలతో సాగనంపి, బుట్టలను వాగులో వదలాలి.

మంచె కింద నీడలో బకెట్ దించి మూత తీయగానే పిల్లలంతా మూగారు. అందరికన్నా ముందు సోని ఉంది. ఉషారాణి చిన్నాన్న కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరం, ఆ ఏడాది తీజ్ పిల్లలకు పెద్ద.

“ఏంది బాయీ గిది?” అంది సోని. బాయి అంటే తండాలో అక్క.

“సముద్రంల దొరికిన పింగాణీ. వందల ఏండ్లు ఉప్పునీళ్లల్ల ఉన్నది. ఇప్పుడు ఉప్పు మాన్పిస్తున్న.”

“ఇది గూడ ఉప్పు మానిందా! ఎన్ని దినాలకు?”

“మొత్తం పోయేదాంక.”

“మేము మూడు దినాలకే ఆగమైతున్నం బాయీ. చప్పిడి పప్పు తింటే మన్ను తిన్నట్టే ఉన్నది. దీనికి నోరు లేదు గాబట్టి అడుగుతలేదు, పాపం.”

సోని పక్కనే ఉన్న జమ్లి బకెట్లోకి వంగి చూసింది. “రంగు జూడుండ్రే. అచ్చం మన మొలకల రంగే” అంది. నీడలో పెరిగిన గోధుమ మొలకల పాలిపోయిన పచ్చ రంగే ఆ పూతది. ఉషారాణికి అంతవరకూ ఆ పోలిక తట్టలేదు. నిజమేనని తల ఊపింది.

ఎదురుగా తమ ఇంటి గుమ్మంలో కూర్చున్న హేమ్లి అక్కడి నుంచే అడిగింది. “పండుగకొచ్చినవా, బకెట్‌ను సుట్టాలింటికి తెచ్చినవా?”

“రెండూ దాదీ.”

“మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసి ఊరూరా అమ్మిండ్రు. నువ్వేమో ఉప్పు తీసే నౌకరి పట్టినవ్. మంచిగుంది.”

“ఇది నౌకరి కాదు దాదీ. దీనికి జీతం లేదు.”

“ఇంక మంచిగుంది!”

పిల్లలు విరగబడి నవ్వారు. ఆ నవ్వులోనే సోని అంది: “నువ్వు గూడ ఒక బుట్ట పెట్టరాదు బాయీ. నీకింక పెండ్లి గాలేదు గద. ఇప్పుడు నీళ్లు పోసినా మొలుస్తది.”

ఉషారాణి బకెట్ మూత అందుకుంది. ఇంతమంది మధ్య, ఈ వయసులో, అనుకుంది. “నాకు బకెట్ ఉన్నది గద” అని తప్పించుకుంది.

“సరే. అదే నీ బుట్ట” అంది సోని, బేరం కుదిరినట్టు.

ఉషారాణికి కళాశాల ఇచ్చిన సెలవు రెండు రోజులే. తిరిగి బయల్దేరేటప్పుడు ముక్కలను దోమతెర గుడ్డతో కుట్టిన సంచిలో వేసి, బకెట్లో ముంచి, సోనికి అప్పగించింది. వాగు నీళ్లు అక్కడే ఉన్నాయి, ఎలాగూ సోని మూడు పూటలా ఆ నీళ్లు మోస్తుంది.

“పాత నీళ్లు పారబోసి కొత్తవి పోయాలె. పోసే ముందు పాత నీళ్లు ఒక చిన్న సీసాల పట్టి పెట్టు. ముక్కలు గాలికి ఆరొద్దు. ఎండల అసలే పెట్టొద్దు.”

“అవ్ బాయీ. నా బుట్టకు ఎట్ల జేస్తనో దీనికి గట్లనే జేస్త. నువ్వు నిమ్మలంగ పో.”

ఉషారాణి నిమ్మళంగానే వెళ్లింది. చెప్పవలసినవన్నీ చెప్పానని ఆమె నమ్మకం. తొమ్మిదో రోజున ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అప్పటికి తానే తిరిగి వస్తుంది కదా అనుకుంది.

ఆ ఆగస్టులో గోదావరి ఉప్పొంగింది. భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. దుమ్ముగూడెం వైపు రోడ్డు ముందే మునిగింది, తరువాత పాల్వంచ రోడ్డుకు నీళ్లొచ్చాయి. పల్లపు కాలనీల వాళ్లను కళాశాల గదుల్లోకి తెచ్చారు. లెక్చరర్లంతా పులిహోర పొట్లాలు పంచుతూ, పసిపిల్లల తల్లులకు పాలు వెతుకుతూ ఉండిపోయారు. ఉషారాణి కెమిస్ట్రీ ల్యాబులో నాలుగు కుటుంబాలు కాపురం పెట్టాయి. ఆ మనుషుల మధ్య తిరుగుతూ పింగాణీ ముక్కల గురించి బెంగపడటం ఆమెకే సిగ్గనిపించింది. అయినా బెంగ పోలేదు. ఫోన్ లైన్లు పనిచెయ్యడం లేదు. తీజ్ తొమ్మిదో రోజు వచ్చింది, పోయింది.

రోడ్డు తెరిచాక మొదటి బస్సుకే బయల్దేరింది. వానలు వెలిసి ఎండ కాస్తోంది. తండా చేరేసరికి మొదట కనిపించినది తన బకెట్. దడి గుంజకు బోర్లించి ఉంది. లోపల చెయ్యి పెట్టి తడిమితే పొడిగా తగిలింది.

సోని ఎదురొచ్చింది. ఏడుపు పాటలు పాడి పాడి గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “ఇప్పుడొస్తివా బాయీ! ఎంత ఎదురుచూసినమో.”

“సోనీ, ముక్కలేవి?”

“సాగనంపినం.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంది? వాగులకు. అన్నిటితోని కలిపే. నువ్వు రాకపోతివి. తొమ్మిది దినాలు నీళ్లు పోసి, నీ బుట్టను ఒక్కదాన్నే మంచె మీద ఎట్ల ఉంచుతం? తప్పు గద.”

వెనకనే వచ్చిన జమ్లి అందుకుంది. “నీ బదులు నేనే ఏడ్చిన బాయీ. మస్తు ఏడ్చిన. నా దానికన్న నీ దానికే ఎక్కువ ఏడ్చిన.”

ఉషారాణి మంచె పక్కన రాతి మీద కూర్చుంది. కోప్పడటానికి ఏ వైపు నుంచీ దారి కనిపించలేదు. ఆమె చెప్పినట్టే ఈ పిల్లలు చేశారు. తాను ‘నాకు బకెట్ ఉంది’ అన్నది. సోని ‘అదే నీ బుట్ట’ అన్నప్పుడు కాదనలేదు. బుట్టకు ఏం చేస్తారో అదే చేశారు.

“దేంట్ల పెట్టి వదిలినరు?” అని మెల్లగా అడిగింది.

“ఆ తెర సంచి తీసి నా బుట్టల పెట్టిన. ఒక్కతే పోతే భయపడతదని, ఎర్ర దారంతోని నా బుట్టకే గట్టిగ కట్టిన.” సోని ఆమె ముఖం చూసి ఆగింది. “ఏమైంది బాయీ? చెయ్యరాదా?”

ఉషారాణి పొట్టుగా రాలిపోయిన ఆ మొదటి ముక్క గురించి చెప్పింది. నీళ్లలో ఉంటే ఫరవాలేదు, వాగు నీళ్లు మంచివే, కాని నీళ్లు తగ్గి ఇసుక మీద పడి ఉంటే ఈ ఎండకు పూత నిలవదు, అంది. సోని మొహం చిన్నబోయింది. సాగనంపిన మర్నాడే వాగు పొంగిందనీ, నిన్నటి నుంచి తగ్గుతోందనీ గొణిగింది.

ముగ్గురూ వాగు వెంట నడిచారు. పొంగు తగ్గి, రెండు వైపులా ఒండ్రు మట్టి, ఇసుక మేటలు బయటపడ్డాయి. చెట్ల కొమ్మలకు చెత్త వేలాడుతోంది. బుట్టలు వదిలిన మడుగు దాటి కొంత దూరం పోయాక జమ్లి అరిచింది. ఇసుక మేట మీద ఒక తీజ్ బుట్ట పక్కకు ఒరిగి ఉంది.

“నాదే బాయీ. అంచుకు నీలం గుడ్డ నేనే కట్టిన.”

ఉషారాణి వంగి ముట్టుకుంది. తీగ ఎండి గరగరలాడుతోంది. అడుగున మిగిలిన పుట్టమన్ను పెళుసుగా బీటలిచ్చింది. ఒక్క రోజు ఎండ చాలింది. ఆమె లేచి, ఇంకా వేగంగా నడిచింది. పిల్లలిద్దరూ వెనుక దాదాపు పరుగెత్తారు.

వాగు ఒంపు తిరిగే చోట కోయగూడెం బొజ్జయ్య నీళ్లకు అడ్డంగా తడిక కట్టి చేపలు పడతాడు. వరదకు తడిక చిరిగింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి దాన్ని బాగుచేసుకుంటున్నాడు.

“బొజ్జయ్య తాతా, మా తీజ్ బుట్టలు గిట్ల ఏమన్న వచ్చినయా?” అని సోని గట్టు మీది నుంచే కేకేసింది.

“రాకేం? చేపలు తప్ప అన్నీ వచ్చినయ్. రెండు బుట్టలు, ఒక చెప్పు, ఒక కోడిగంప.”

“ఒక దానికి ఎర్ర దారం కట్టి ఉన్నదా?”

“ఉన్నది. లోపల ఏందో బరువుగ సంచి గూడ ఉన్నది. మొలకలకు బదులు రాళ్లేసిండ్రేందిరా అనుకున్న.”

ఉషారాణి గట్టు అంచుకు వచ్చింది. “ఎక్కడ పెట్టినవ్ తాతా? గట్టు మీదనా?”

బొజ్జయ్య తడిక వదిలి ఆమె వైపు తిరిగాడు. ఆ మాటకు నొచ్చుకున్నట్టున్నాడు. “గట్టు మీద ఎందుకు పెడత బిడ్డా? మీ పిల్లలు నీళ్లకిచ్చిన బుట్ట. నీళ్లకిచ్చిందాన్ని ఒడ్డుకేస్తే తప్పు గాదా? తడిక ఇవతలికి తెచ్చి, కొట్టుకపోకుండ పెద్దరాయి కింద జొనిపిన. మునిగే ఉన్నది. నీళ్లు తీస్తున్నయని పొద్దున గూడ ఇంకింత లోతుకు జరిపిన.”

ఉషారాణి గట్టు మీదే చతికిలబడింది. కళ్లు తుడుచుకుంటుంటే బొజ్జయ్య సోనిని అడిగాడు, “మేడమ్‌కు ఏమైందే?” అని.

“సంతోషం తాతా. మేడమ్‌కు గట్లనే వస్తది.”

అయితే తీస్తామనగానే బొజ్జయ్య అడ్డు చెప్పాడు. “తీసుడేంది? మీ పెద్దోళ్లను అడిగినరా? రేపు ఏమన్న అయితే తీసిచ్చినోడు బొజ్జయ్య అంటరు.” సోని కూడా వెనకాడింది. తొమ్మిది రోజుల ఉపవాసం ఆ బుట్టతోనే వాగుకు చేరింది. అది వెనక్కు వస్తే పిల్లలందరి మొక్కూ వెనక్కు వస్తుందేమోనని ఆమె భయం. పైకి చెప్పలేదు గాని, ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

ఉషారాణి నీళ్లలోకి చూసింది. రాయి కింద బుట్ట అంచు కనిపిస్తోంది. సంచి మెల్లగా కదులుతోంది. చెయ్యి చాపితే అందుతుంది. ముక్కలు మ్యూజియానివి, బాధ్యత తనది. ఆ సంగతి ఎవరితోనైనా వాదించవచ్చు. కాని బుట్ట సోనిది. నీళ్లలో ఉంది కనుక తొందర లేదు కూడా. “దాదీని అడిగి వస్తం. అందాక నీ దగ్గరనే ఉంచు తాతా” అంది.

హేమ్లి సంగతంతా విన్నది. రెండుసార్లు చెప్పించుకుంది. చివరికి సోనిని అడిగింది.

“మీ బుట్టలు మొలిచినయా?”

“మొలిచినయ్ దాదీ. జానెడు పెరిగినయ్.”

“ఉష బకెట్ మొలిచిందా?”

సోని తెల్లబోయింది. “అదెట్ల మొలుస్తది దాదీ?”

“మరి మొలవనిదాన్ని ఎవరన్న సాగనంపుతరే? ఉప్పు మొత్తం పోయిందో లేదో తెల్వకపాయె, పండుగ కాకముందే పంపిస్తిరి. అది మీ తొందర.” తరువాత మనుమరాలి వైపు తిరిగింది. “తొమ్మిదో దినం సంగతి నువ్వు చెప్పకపోతివి. అది నీ తప్పు. బుట్ట వాగులనే ఉండాలె. నీ సంచి నువ్వు తెచ్చుకో. ఉప్పు పోయినంక ఏం మొలిచిందో నాకు తెచ్చి చూపియ్యాలె. చూపిస్తనంటేనే తియ్యి.”

“చూపిస్త దాదీ.”

సోని స్వయంగా నీళ్లలోకి దిగి ఎర్ర దారం విప్పింది. సంచిని నీళ్లలో ఉండగానే బకెట్లోకి మార్చారు. బుట్టను బొజ్జయ్య మళ్లీ రాయి కిందికి జొనిపాడు. సంచికి ఒక మూల చిరుగు ఉంది. గిన్నె అడుగు ఉంది, రెండు అంచు ముక్కలున్నాయి. మూడోది, అన్నిటికన్నా చిన్నది, లేదు. రాయి చుట్టూ చేతులతో తడిమారు, తడిక కింద వెతికారు. దొరకలేదు. సోని ముఖం చూసి ఉషారాణి, “నేను కుట్టిన సంచే చిరిగింది. కుట్టు నాది” అంది.

భద్రాచలంలో ల్యాబు ఖాళీ అయి, గచ్చు కడిగాక, ఆమె బకెట్లోని వాగు నీళ్లు నాళికలోకి తీసుకుని సిల్వర్ నైట్రేట్ చుక్క వేసింది. నల్ల కాగితం అడ్డుపెట్టి కిటికీ వెలుగులో చూసింది. మసక లేదు. నమ్మకం కుదరక, ముక్కలను మరో దఫా వాగు నీళ్లలోనే నానబెట్టి మళ్లీ చూసింది. లేదు. బకెట్లో నిలవ నీళ్లు ఎంత మార్చినా కొన్ని వారాలు పట్టే పనిని పారే నీళ్లు రాయి కింద నిశ్శబ్దంగా ముగించాయి.

పోయిన ముక్క సంగతి ముందుగా చెప్పి, తరువాత మిగతాది చెబుదామని ఆచార్యుడికి ఫోన్ చేసింది. ఆయన చివరిదాకా విన్నాడు.

“ముక్క పోయిందని మ్యూజియానికి నేను రాస్తాను. ఆ రోజుల కొలతలు?”

“సోని సీసాల్లో పట్టినవి తొమ్మిదో రోజు దాకా ఉన్నాయి సార్. వాగులో ఉన్న రోజులవి లేవు. గ్రాఫులో అక్కడ ఖాళీ వదిలేస్తాను.”

“ఖాళీ వదులు. గీత కలపకు. ఎందుకు ఖాళీయో మాత్రం పద్ధతి దగ్గర రాయి. జరిగింది జరిగినట్టు.” ఆయన గొంతులో నవ్వు వినిపించింది. “పరీక్షకులు అడిగితే నేను చెప్పుకుంటాలే.”

ఆరబెట్టడం సెప్టెంబరంతా సాగింది. ముందు తడిగుడ్డ కింద, ఆ తరువాత సూదితో బెజ్జాలు పొడిచిన పాలిథిన్ కింద, చివరికి గాలిలో. ఉదయం తరగతులకు ముందు ఆమె ముక్కను తూచేది. బరువు కొంచెం కొంచెం తగ్గి, ఒక చోట నిలిచింది. భూతద్దం కింద పూతను అంచు నుంచి అంచు దాకా చూసింది. సముద్రం కొరికిన సగంలో సూదిమొన గుంటలు కిక్కిరిసి ఉన్నాయి. ఇసుక కప్పిన సగంలో బుడగలు ఇంకా పూత లోపలే, నోరు మూసుకుని, కొలిమిలో పుట్టినప్పటిలాగే ఉన్నాయి. రెండింటి మధ్య సరిహద్దు సన్నటి గీతలా స్పష్టంగా కనిపించింది. ఎక్కడా ఒక్క పొర లేవలేదు.

దసరా సెలవుల్లో దూదిలో చుట్టిన డబ్బాతో తండాకు వెళ్లింది. మంచె విప్పేసి ఉంది. ఆ కర్రల మీద మిరప నారుకు పందిరి వేశారు. సోని, జమ్లి, ఇంకా నలుగురు పిల్లలు హేమ్లి చుట్టూ చేరారు. ఉషారాణి డబ్బా తెరిచి గిన్నె అడుగును నాయనమ్మ అరచేతిలో పెట్టింది.

హేమ్లి దాన్ని ఎండవైపు తిప్పింది. తామర రేకులు ఒక సగంలో వెలిగాయి, మరో సగంలో మసకలోనే ఉండిపోయాయి. తన రవిక మెడ దగ్గరి గుడ్డి అద్దాన్ని ఒకసారి, లంగా అంచున ఉన్న అద్దాన్ని ఒకసారి వేలితో ముట్టుకుంది.

“ఉప్పు మొత్తం పోయిందా?” అని అడిగింది.

“పోయింది దాదీ. పరీక్ష చేసిన.”

“నువ్వు చేసినవ్. నేను చెయ్యలేదు గద.”

ఉషారాణి చెయ్యి చాపేలోపే హేమ్లి ముక్కను నోటి దగ్గరికి తీసుకుని నాలుక కొసతో తాకింది.

“దాదీ! నోట్ల పెట్టుకోవద్దు!”

హేమ్లి కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించింది. పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు.

“చప్పగుంది” అని తీర్పు చెప్పి, ముక్కను సోని చేతికిచ్చింది.

సోని దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలిసిన సగం మీద, మెరిసే సగం మీద బొటనవేలు నడిపింది. “వచ్చే తీజ్‌కు ఇంకో బకెట్ తెస్తవా బాయీ?”

“తెస్త. సార్ ఇంకో ఆరు ముక్కలు ఇస్తనన్నడు.” ఉషారాణి డబ్బాలో దూది సర్దుతూ, తల ఎత్తకుండానే అంది: “బకెట్ బకెట్టే. దాన్ని మాత్రం వాగుల వెయ్యొద్దు. బుట్ట వేరే పెడత. గోధుమలు చల్లి.”

జమ్లి ఈల వేసింది. హేమ్లి గుమ్మానికి ఆనుకుని, “ఉప్పు లేకుండ తొమ్మిది దినాలు తినగలవా మరి?” అని అడిగింది.

“తొమ్మిది దినాలకు ఎన్ని రోజుల ముందు సెలవు రాయాల్నో అది చూడాలె దాదీ” అంది ఉషారాణి.